కడుగునీళ్లలో దొరికిన ముక్క

ఎక్కడ ఆగామో ముందు చెప్పుకుందాం. మా అన్నయ్య అంబ్రుష్ పెద్దబాతులు మేపుతాడు. మందు ముట్టడు. ముట్టడని అతనంటాడు, నేనంటాను, మా ఊళ్లో మూడో మనిషి అనడు. అతని కాలేయానికి కొవ్వు పట్టింది, ఆ కొవ్వు మచ్చ కట్టింది, ఇక నావల్ల కాదని కాలేయం చేతులెత్తేస్తోంది. కొత్త కాలేయం కోసం బుడాపెస్ట్ ఆసుపత్రిలో ఎదురుచూసేవాళ్ల వరసలో అతని పేరుంది. గురువారం అక్కడ డాక్టర్లు కూర్చుంటారు. ఈ మధ్యకాలంలో తాగలేదని ఇంటిమనిషి చెబితే పేరుంటుంది, లేకపోతే పోతుంది. రక్తపరీక్ష చేయించుకుంటే గొడవే లేదు కదా అంటే, నా మాటకంటే నా రక్తం గొప్పదా అని భీష్మించుకుని కూర్చున్నాడు. దాంతో మొత్తం భారం మా వదిన పిరోష్కా నోటి మీద పడింది. ఆవిడ అబద్ధమాడదు. అలాంటి మనిషికి బాతుల కొట్టంలో, గడ్డి కింద, సగం ఖాళీ అయిన పాలింకా, అంటే పళ్లతో కాచిన సారా, సీసా దొరికింది. ఆ సీసాని పూలరుమాల్లో చుట్టుకుని నేను పనిచేసే సెగెద్ ఊరికి బస్సెక్కింది. అక్కడ ఆగాం.

ఆవిడ వచ్చేసరికి నేను మా ప్రయోగశాలలో చీకటిగది గుమ్మం దగ్గర ఉన్నాను. చేతిలో ఫిల్ము పెట్టిన డబ్బా. అందులో ఏముందో నాకింకా తెలియదు. దాన్ని కడిగితే మా అన్నయ్య కాలేయం ఎందుకిలా అయిందో తెలుస్తుంది, లేదా నేను పిచ్చిదాన్నని తెలుస్తుంది. ఆ రెండోదే జరుగుతుందని మా ప్రొఫెసర్ బానాతి గారు అప్పటికే తన తోటివాళ్లతో పందెం కాశారని నాకు తెలుసు.

“ఇదుగో మీ అన్నయ్య తాగే తీర్థం,” అంది వదిన, రుమాలు విప్పకుండానే సీసాని నా ముఖం ముందు ఊపి. “నేరేడు కాదు, రేగు కాదు, ఆప్రికాట్ పాలింకా. తాగితే తాగాడు, మంచిదే చూసుకున్నాడు.”

“వదినా, లోపలికొచ్చెయ్. తలుపేసెయ్. ఈ ఫిల్ముకి వెలుతురు తగిలిందంటే నేను పడ్డ పాట్లన్నీ తిసా ఏట్లో కలుస్తాయి.”

“నేను పోట్లాడ్డానికొచ్చాను.”

“చీకట్లో పోట్లాడుకుందాం.”

తలుపు మూశాక ఎర్రదీపం ఒక్కటే మిగిలింది. ఆ వెలుగులో మనిషి ముక్కు, చెక్కిలి తప్ప ఇంకేం కనిపించదు. వదిన కళ్లు నాకు కనబడలేదు. బహుశా అందుకే ఆవిడ అంత మాట్లాడింది. పగటి వెలుతుర్లో మా వదిన మొగుడి గురించి నాతో నాలుగు మాటలు వరసగా అనగా నేను వినలేదు.

“నాకు వాసన తెలియదంటావా? దుప్పట్లో వాసన, పైజామాలో వాసన. మా నాన్న తాగేవాడు, మా బాబాయి తాగేవాడు. పాలింకా వాసనంటే నాకు పుట్టింటి వాసనే. నువ్వు ఈ గాజుగొట్టాల్లో వెతుకుతున్నది నాకు మంచమ్మీదే దొరికిందే రేకా.”

“నోట్లోంచి వచ్చిందా?”

“నోరు చూపిస్తేగా. గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు కొన్నాళ్లనించీ. తప్పు చేసినవాడే గోడవైపు తిరిగేది.”

నేను డబ్బా తెరిచి ఫిల్ము తీశాను. మొదటి పళ్లెంలో ముంచి, ఒక మూల పట్టుకుని మెల్లగా ఆడించడం మొదలుపెట్టాను.  

“ఏం చేస్తున్నావ్?”

“మీ ఆయన కాలేయాన్ని కడుగుతున్నాను.”

“అది కడిగితే పోయేదైతే నేనే కడిగేదాన్ని కదే, సబ్బు పెట్టి.”

నాకు నవ్వొచ్చింది. ఆవిడకీ వచ్చిందనుకుంటాను. ఇద్దరం నవ్వకుండా ఊరుకున్నాం.

ఇక్కడ పాఠకులకి కొంచెం చెప్పాలి, వదినకి చెప్పినట్టే. మా ప్రయోగశాలలో కాలేయపు ముక్కని నూరి, రసం తీసి, వేలెడంత గొట్టం మీద పోస్తాం. ఆ గొట్టంలో తెల్లటి వడపోత బిళ్ల ఉంటుంది. పెద్దపెద్ద ఆర్ఎన్ఏ పోగులు ఆ బిళ్లకి అంటుకుంటాయి. అవి కణంలో కబుర్లు మోసేవి: ఫలానా ప్రొటీన్ చెయ్యండి, ఫలానాది ఇంకాస్త చెయ్యండి అని. వాటిని దాచుకుంటాం. బిళ్లకి అంటకుండా కిందికి దిగిపోయిన నీళ్లని సింకులో పారబోస్తాం. ఆ గొట్టాలు వచ్చే పెట్టె మీద అలాగే రాసుంటుంది. హంగరీలోనే కాదు, ఈ పని చేసే ప్రతి ఊళ్లోనూ ఇలాగే చేస్తారు. ప్రొటీన్ చెయ్యలేనంత చిన్న ముక్కలుంటే అవి ఆ నీళ్లలోనే పోతాయి. పోతే పోనీ, ఏం పనికొస్తాయి గనక అని అందరి లెక్క.

నేను పుట్టింది బాతుల ఇంట్లో. మా ఇంట్లో బాతును కోస్తే ఈకలు దిండులోకి, కాళ్లు పులుసులోకి, నెత్తురు ఉల్లిపాయలతో బాణలిలోకి, కొవ్వు ఏడాది పొడవునా రొట్టెల మీదికి పోతుంది. పారేసేది దాని అరుపు ఒక్కటే అని మా నాయనమ్మ అనేది. అలాంటి ఇంటినుంచి వచ్చినదానికి సింకులోకి పోయే నీళ్లని చూస్తే ప్రాణం చివుక్కుమనదా. కడుగునీళ్లన్నీ బుడ్లలో పట్టి గడ్డకట్టించి పెట్టాను. మా ప్రొఫెసరు గారు ఆ ఫ్రీజరు తెరిచినప్పుడల్లా “ఇది ప్రయోగశాలా, మీ అత్తగారి సామాన్ల గదా?” అనేవారు. నాకు అత్తగారే లేదు. అయినా పడ్డాను.

“ఆ నీళ్లలో ఏముంది మరి?” అడిగింది వదిన.

“మన బాతుల నీళ్లలో ఏముందో చెప్తా, విను. మొక్కజొన్న మేపినన్నాళ్లూ కాలేయం ఎంతవుతుంది?”

“రొట్టెంత.”

“మేత ఆపేసి వదిలేస్తే?”

“మళ్లీ మామూలైపోద్ది. కంచె దూకి పారిపోయిన వాటిని చూశాంగా. దొరికాక కోస్తే లోపల పిడికెడే.”

“ఎలా అవుతుంది వదినా? చాలు, ఇక కొవ్వు చెయ్యకండి అని ఆ కాలేయానికి ఎవరు చెప్తారు?”

వదిన ఆలోచించింది. ఎర్ర వెలుగులో ఆవిడ ముక్కు ఒకపక్కకి తిరిగింది.

“నాకేం తెలుసు. దేవుడు.”

“దేవుడు ఎవరితో చెప్పిస్తాడో నేను చూశాను.”

కొవ్వు దించుకున్న బాతుల కడుగునీళ్లలో ఒక చిట్టి ముక్క కనబడింది నాకు. మేపుతున్నన్నాళ్లూ అది నామమాత్రంగా ఉంటుంది. మేత ఆగగానే గుంపులు గుంపులుగా పుట్టుకొస్తుంది. అది ప్రొటీన్ చెయ్యదు, ఏదీ కట్టదు, ఏదీ మొయ్యదు. కొవ్వు చెయ్యమని వెళ్తున్న పెద్ద కబురు ఉంటుంది చూశారూ, సరిగ్గా దానికి సరిపడేట్టు ఈ ముక్క అక్షరాలు పేర్చి ఉంటాయి. వెళ్లి దానికి అతుక్కుంటుంది. అంతటితో ఆ కబురు నోరు పడిపోతుంది. కబురు అందకపోతే కొవ్వు చేసేవాళ్లు చేతులు ముడుచుకుని కూర్చుంటారు. అప్పటికే ఉన్న కొవ్వు కరిగి ఖర్చయిపోతుంది.

ఇది బాతుల సంగతి. మనుషుల్లో ఉందో లేదో, ఉంటే మా అన్నయ్యలో ఏమైందో, అది ఈ ఫిల్ము చెప్పాలి. అతని కాలేయం నుంచి డాక్టర్లు సూదితో తీసిన ముక్కలో కొంచెం అతని అనుమతితో మాకూ ఇచ్చారు. ఆ చిట్టి ముక్కకి మాత్రమే అతుక్కునే ఒక జాడ ముక్కని పంపుతాం, అది అతుక్కున్న చోట ఫిల్ము నల్లబడుతుంది. ఫిల్ము మీద నాలుగు దారులు: మేపుతున్న బాతు, మేత ఆపిన బాతు, జబ్బులేని మనిషి, అంబ్రుష్.

“రా, వంగి చూడు,” అన్నాను.

పళ్లెంలో ఫిల్ము మొదట బోసిగా ఉంది. తర్వాత రెండో దారిలో ఒక నీడ పడింది. ఊపిరి ఆపి చూస్తే నీడ ముదిరి అడ్డగీతైంది, అడ్డగీత నల్లబడింది. మేత ఆపిన బాతు. మొదటి దారిలో అదే ఎత్తున ఉందా లేదా అన్నట్టు ఒక చార. నాకు తెలిసినవే ఇవి రెండూ. నేను మూడో దారినే చూస్తున్నాను.

మూడో దారిలో నల్లటి గీత వచ్చింది. బాతు గీతకి సరిగ్గా పక్కనే, వెంట్రుకవాసి పైకీ కాదు, కిందికీ కాదు.

 దాని అక్షరాలు నాకు కంఠతా వచ్చు. బాతుకి ఏ అక్షరాలో మనిషికీ అవే అక్షరాలు, ఒక్కటి తేడా ఉన్నా నేను పంపిన జాడ ముక్క దాన్ని అంత గట్టిగా పట్టుకునేది కాదు. పక్షులదీ మనదీ ఒకే ఇల్లయి ఉండి విడిపోయిన కాలానికి భూమ్మీద ఇంకా పువ్వన్నది పూయలేదు. ఆ తర్వాత వాటికి ముక్కులొచ్చాయి, రెక్కలొచ్చాయి, మనకి చేతులొచ్చాయి, చేతులతో చేసే పాడుపనులన్నీ వచ్చాయి. అన్నీ మారాయి. చాలు అని చెప్పే ఈ చిట్టి ముక్కని మాత్రం రెండు వైపులవాళ్లూ అక్షరం పొల్లుపోకుండా తల్లి నుంచి బిడ్డకి అప్పజెప్పుకుంటూ వచ్చారు. దాన్ని మేం రోజూ సింకులో పోస్తున్నాం. ఆ క్షణంలో నాకు చర్చిలో ఉన్నట్టే అనిపించింది, అబద్ధమెందుకు.

“రేకా,” అంది వదిన. గొంతు తగ్గిపోయింది. “నాలుగోదాంట్లో ఏం రాలేదే.”

“రాలేదు.”

“నాలుగోది…”

“అన్నయ్య.”

ఫిల్మును ఇంకాసేపు ఆడించాను. నాలుగో దారి బోసిగానే ఉంది. వదిన చెయ్యి నుదుటికీ గుండెకీ భుజాలకీ పోవడం ఎర్ర వెలుగులో నీడలా కనిపించింది. సిలువ గీసుకుంది.

బయటికొచ్చేసరికి ప్రొఫెసర్ బానాతి గారు వసారాలో పొగాచా రొట్టె నములుతూ నిలబడి ఉన్నారు. ఆయన మంచివారే. కాకపోతే ఆయన మంచితనం సాయంత్రం నాలుగు దాటాక బయటపడుతుంది. వదిన చేతిలో రుమాల్లోంచి బయటికి తొంగిచూస్తున్న సీసా మూతి చూసి, నా చేతిలో తడి ఫిల్ము చూసి, “రెండు సాక్ష్యాలా! ఏది ముందు చూడమంటారు?” అన్నారు.

“ఇది చూడండి సార్.”

ఆయన ఫిల్మును కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టారు. నమలడం ఆపారు. మళ్లీ మొదలుపెట్టారు.

“అమ్మాయ్, నాలుగో దారిలో అసలు సరుకు వేశావా? ఖాళీ జేబు చూపించి దొంగ ఎత్తుకుపోయాడంటే పోలీసులు నమ్ముతారు, నేను నమ్మను.”

“ఈ ఫిల్ము అచ్చు తీసిన పొర మీదే ఇంకో చిన్న ఆర్ఎన్ఏని కూడా వెతికాను సార్. ప్రతి కణంలోనూ ఉండేదాన్ని. నిన్నటి ఫిల్ము ఇదుగో. నాలుగు దారుల్లోనూ సమానంగా ఉంది. సరుకు వేశాను. ఈ ఒక్కటే లేదు.”

ఆయన రెండు ఫిల్ములనీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూశారు. తిప్పి చూశారు. మిగిలిన రొట్టెముక్కని కోటు జేబులో వేసుకున్నారు. ఆయన తిండి సగంలో ఆపడం నేను చూడటం అదే మొదలు.

“నువ్వు చెల్లెలివి,” అన్నారు. “చెల్లెళ్లకి కావలసిందే కనబడుతుంది. లేకపోవడం వేరు, లేకపోవడం వల్లే జబ్బు రావడం వేరు. అది చూపించు.”

“సూక్ష్మదర్శిని కింద పెట్టి ఉంచాను సార్. నేనింకా చూడలేదు. ఒక్కదాన్నీ చూడ్డానికి భయమేసింది.”

కాలేయ కణాల్ని రెండు పళ్లేల్లో పెంచి, రెండింటికీ నూనె పట్టించి లావెక్కించాను. ఒకదాంట్లో ఆ చిట్టి ముక్కని, బయట చేయించి తెప్పించినదాన్ని, కణాల్లోకి దింపాను. రెండోదాంట్లో అక్షరాలు కలగాపులగం చేసిన ఉత్తుత్తి ముక్కని దింపాను. తర్వాత రెండింటికీ కొవ్వుకు మాత్రమే పట్టే ఎర్రరంగు వేశాను. అంతే.

ప్రొఫెసరు గారు ముందు కూర్చున్నారు. మొదటి పళ్లెం చూసి “ఊఁ” అన్నారు. అది ఉత్తుత్తి ముక్క వేసింది. రెండోది పెట్టి కళ్లానించారు. ఇక లేవలేదు. పళ్లేన్ని అటు జరిపారు, ఇటు జరిపారు, మొదటిది మళ్లీ పెట్టారు, రెండోది మళ్లీ పెట్టారు. వదిన నావైపు చూసింది, ఈయనకేమైంది అన్నట్టు. నాకూ తెలియదు. అడిగే ధైర్యమూ లేదు.

చివరికి ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

“ఈ సింకులో నేనెంత పారబోశానమ్మా,” అన్నారు. నాతో అనలేదు, సింకుతోనే అన్నట్టున్నారు. లేచి వదిన కోసం కుర్చీ జరిపారు. “కూర్చోండి అమ్మా. మీ ఆయన గురించి ఇది మీరు చూడాలి.”

వదిన సీసాని నా బల్ల మీద పెట్టి కూర్చుంది. బాతుల మేతతో గరుకెక్కిన ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకుంది. కళ్లానించింది.

“అబ్బ. ఎర్రటి పూసలు. ఒకదాంట్లో ఇంకోటి పట్టనట్టు కిక్కిరిసి ఉన్నాయే.”

“అది చాలనే మాట లేని కాలేయం వదినా. అన్నయ్యదీ ఇలాగే మొదలై ఉంటుంది. ఇప్పుడు రెండోది చూడు.”

నేను పళ్లెం మార్చాను.  రెండోదాంట్లో పూసలు ఆవగింజలంత అయిపోయి, అక్కడొకటి, ఇక్కడొకటి మిగిలాయి. వాటి మధ్య కణాలు తేటగా, నిండుగా, ఏ ఇబ్బందీ లేనట్టు పడుకుని ఉన్నాయి. ఆ బొమ్మని అప్పుడే నేనూ చూశాను, వదిన భుజం మీదుగా, పక్కనున్న తెర మీద. ఇన్నేళ్ల చదువులో అంత అందమైనది నేను చూడలేదు. ఇరవై చిల్లర అక్షరాలు. ఒక్క ప్రొటీన్ కూడా చెయ్యలేనివి. అవి వెళ్లి చాలు అన్నాయి, కాలేయం విన్నది.

“దీన్ని ఆయనకి పొయ్యకూడదూ?” అంది వదిన తల ఎత్తకుండానే.

“పళ్లెంలో కణాలు వేరు, మనిషి వేరు వదినా. మందు కావాలంటే ఇంకా ఏళ్లు పడుతుంది. అన్నయ్యకి అంత వ్యవధి లేదు. ఆయనకి కొత్త కాలేయమే దిక్కు.”

“అయితే ఇదెందుకు నాకు చూపించావ్?”

“ఆయన తాగి తెచ్చుకున్నది కాదని. తాత కూడా కాదని.”

మా తాతయ్య మా ఊరి చర్చిలో గంట కొట్టేవాడు. పొట్ట ఉబ్బి, కళ్లు పసుపెక్కి పోయాడు. ప్రార్థనలో ఇచ్చే గుక్కెడు ద్రాక్షరసం తప్ప ఆయన పెదవికి ఏదీ తగలలేదని నాయనమ్మ ఏడ్చి మొత్తుకుంది. ఊరు నవ్వింది. మా దేశంలో కాలేయం చెడ్డదంటే తాగాడనే అర్థం, దానికి తీర్పు అక్కర్లేదు. ఆయన్ని తాగుబోతుగానే పూడ్చిపెట్టారు. ఆయన కాలేయంలోనూ ఈ ముక్క లేకపోయి ఉంటుంది. నాకు ఆ రోజు సంతోషమూ దుఃఖమూ ఒక్కసారే వచ్చాయి. నాయనమ్మ బతికుంటే ఆ ఫిల్ము పట్టుకెళ్లి ఆవిడ ఒళ్లో పెట్టేదాన్ని.

వదిన లేచింది. సీసా చేతిలోకి తీసుకుంది.

“మరి ఇదో? మీ ముక్క లేకపోవడం వల్ల సీసా ఖాళీ కాదుగా.”

  అది అన్నయ్యనే అడగమని ప్రొఫెసరు గారు మమ్మల్ని తన గదిలోకి తీసుకెళ్లి ఫోన్ చూపించారు. అన్నయ్య సెల్లు నంబరు నేనే నొక్కాను. అందరికీ వినబడాలని ఆయన స్పీకరు మీట నొక్కి రిసీవరు బల్ల మీద పెట్టేశారు. గది నిండా బాతుల గోల.

“ఏమయ్యా,” అంది వదిన.

“ఎక్కడికి పోయావే పొద్దున్నే? బాతులకి నీళ్లు పెట్టకుండా?” అన్నయ్య ఆయాసపడుతున్నాడు. “బాతులు కోసే మార్టిన్ పండగ దగ్గరికొచ్చింది, పనెవరు చేస్తారు, నా చెల్లెలా?”

“సీసా నా దగ్గరుంది.”



“ఏ సీసా?”

“గడ్డి కింది సీసా. అబద్ధం చెప్పావంటే బాతుల మీదొట్టు.”

“తాగలేదు పిరోష్.”

“మరి సగం ఏమైంది, ఎలుకలు తాగాయా?”

“కాళ్లకి రాసుకున్నా.”

వదిన నావైపు చూసింది. నేను ప్రొఫెసరు గారివైపు చూశాను.

“దురదే,” అన్నాడు అన్నయ్య. “అరికాళ్లు, పిక్కలు. పడుకుంటే చాలు, చర్మం వలిచేసుకుందామా అనిపిస్తది. మా అమ్మ జలుబుకీ నడుంనొప్పికీ పాలింకాయేగా రుద్దేది. రాస్తే కాసేపు చల్లగా ఉంటది. అందుకే కొట్టంలో పెట్టుకున్నా. గోకి గోకి పుండ్లు పడ్డాయి, నువ్వు చూస్తావని అటు తిరిగి పడుకుంటున్నా.”

“చెప్పి చావొచ్చుగా నాతో.”

“దురద మొదలైతే లివరు చివరికొచ్చినట్టేనని డాక్టరన్నాడే. నీకు చెబితే నువ్వు నిద్రపోవు. తాగుతున్నాననుకుంటే నాలుగు తిట్టి పడుకుంటావు. పడుకోనీ అనుకున్నా.”

“రక్తం ఎందుకివ్వలేదు మరి?” అని అడిగాను నేను, ఆగలేక.

“నువ్వూ ఉన్నావా అక్కడ? పుండ్ల మీద రాస్తున్నా కదే. నెత్తుట్లోకి దిగి అక్కడ తేలుతుందేమోనని భయమేసింది. తేలితే ఎవడు నమ్ముతాడు, కాళ్లకి రాసుకున్నానంటే? నువ్వు నమ్ముతావా?”

ప్రొఫెసరు గారు తలుపు వైపు తిరిగి కోటు గుండీలు సర్దుకున్నారు. అవి సరిగానే ఉన్నాయి. అన్నయ్య “ఉండు, ఇవి కంచె తోసేస్తున్నాయి” అన్నాడు. అటు అతని అదిలింపులు, రెక్కల చప్పుడు.

నాకు ఏనుగెక్కినంత సంబరంగా ఉంది. ఫిల్ము చెప్పింది, పళ్లెం చెప్పింది, సీసా కూడా చెప్పేసింది. ఇంకేం కావాలి.

“ఇక ఫరవాలేదు,” అన్నారు ప్రొఫెసరు గారు. ఆయన గొంతులో అంత మెత్తదనం నాలుగింటి తర్వాత కూడా నేను వినలేదు. “బుడాపెస్ట్‌లో నాకు తెలిసినవాళ్లున్నారు, ఈ ఫిల్ముతో నేనే వెళ్తాను. అమ్మా, మీరు గురువారం వచ్చి, ఇప్పుడు విన్నది విన్నట్టు చెప్పండి చాలు. భార్య మాటకే వాళ్లు విలువిస్తారు.”

వదిన కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. సీసాని ఒళ్లో పెట్టుకుని, దాని మెడ చుట్టూ రుమాలు బిగిస్తోంది, విప్పుతోంది.

“వదినా, విన్నావా? గురువారం—”

“నువ్వేమనుకున్నావు రేకా? నేను నిన్ను అడగడానికొచ్చాననుకున్నావా?”

“మరి?”

“చెప్పి పోదామని వచ్చాను. నువ్వు చీకటిగదిలోకి లాగేసరికి ఏదేదో మాట్లాడాను, ఆ ఒక్క మాటా బయటికి రాలేదు.” ఆవిడ నా ముఖం చూడలేదు. “పొద్దున బస్సెక్కే ముందే ఆసుపత్రికి ఫోన్ చేశాను. తాగుతున్నాడు, నా కళ్లతో చూశానని చెప్పాను. నిజం దాచితే ఆ కాలేయం ఇంకో పిల్లల తండ్రికి అందకుండా పోతుంది కదా అనుకున్నాను. వాళ్లు చాలా మర్యాదగా మాట్లాడారు. పేరు తీసేస్తున్నాం, గురువారం మీరు రానక్కర్లేదన్నారు.”

 అప్పుడు నాకు బల్ల మీది ఫోను గుర్తొచ్చింది. దాని పచ్చదీపం వెలుగుతూనే ఉంది. అదిలింపులు ఆగిపోయాయి, కంచె దగ్గర సద్దు లేదు. దగ్గరగా, చాలా దగ్గరగా, అన్నయ్య ఊపిరి వినిపిస్తోంది.